పాలిష్ పట్టిన హంస

కత్తి పిన్నికి ఆ పేరు చేతిలోని కత్తిని బట్టి వచ్చిందో, నోటిలోని నాలుకను బట్టి వచ్చిందో ఆ విందుల హాలులో ఎవరూ తేల్చి చెప్పలేరు. రెండూ పదునైనవే. రెండింటినీ ఆమె ప్రతి ఉదయమూ నూరుకొని మరీ పనిలోకి దిగుతుందని వంటమాస్టరు అంటూ ఉంటాడు. ఆ మాట చెవిని పడ్డప్పుడల్లా, "నీ కూరలో లేని కారం ఈ వంటింట్లో ఎక్కడో ఒకచోట ఉండాలిగా మాస్టరూ" అని ఆమె తలయెత్తకుండానే బదులిస్తుంది.

ఆమె పని పండ్లను చెక్కడం. విందుబల్ల నడుమ నిలిచే పుచ్చకాయ హంసలూ, బొప్పాయి గులాబీలూ, కర్బూజా బుట్టలూ, ఆపిల్ పిట్టలూ అన్నీ ఆమె చేతి నుండి వచ్చినవే. పనిముట్టు ఒక్కటే: వేలెడంత కత్తి, మొన కొద్దిగా లోపలికి వంగినది, పిడికి గుడ్డపీలిక చుట్టినది. దానిని మరెవరైనా ముట్టుకొన్నారా, ఆ పూట వారికి మూడినట్టే.

ఇప్పుడామెకు యాభై యెనిమిదేళ్లు. హాలు అత్తవారిది. పెద్దకోడలిగా ఆ యింట అడుగుపెట్టిన తొమ్మిదో యేట భర్త జ్వరంతో పోయాడు. అంతవరకూ అతనిదిగా ఉన్న వంటింటి పెత్తనం మరిది చేతికి వెళ్లింది. ఈమెను ఎక్కడ కూర్చోబెట్టాలన్నది కొన్నాళ్లు ఇంటిల్లిపాదికీ చర్చనీయాంశమై, చివరకు తొక్కలు తీసే గదిలో ఒక మూల ముక్కాలిపీట పడింది. టొమాటో తొక్కను గులాబీగా చుట్టే వంటవాడొకడు అక్కడ ఉండేవాడు. అతడు నేర్పలేదు, ఈమె అడుగలేదు. ఓరకంట చూసి, పనికిరావని పారవేసిన బొప్పాయిల మీద చేయి తిప్పుకొంది. ఆమె మొట్టమొదట చెక్కిన గులాబీని చూసి అత్తగారు, "బల్ల మీద క్యాబేజీ పెట్టారేమిటర్రా?" అని నలుగురి ముందూ అడిగింది. నవ్వనివారు లేరు. ఆ నవ్వుతో అరికాలి మంట నెత్తికెక్కి, మూడు వారాల్లో ఆమె నలభై బొప్పాయిలను నాశనం చేసింది. నలభై ఒకటోది బల్లయెక్కిన నాడు అత్తగారు వంగి దానిని వాసన చూడబోయింది. పిన్ని తన జీవితంలో నేర్చుకొన్నదంతా ఈ తీరుననే, పంతం మీదనే నేర్చుకొంది.

ఈ విద్యలో ఆమెకొక నియమం ఉంది: తాను చెక్కినది ఏదైనా సరే, తినడానికి వీలుండాలి. ఇతర హాళ్లలో పండ్ల బొమ్మలను పళ్లపుల్లలు గుచ్చి నిలబెడతారు; చూడండి గాని చేయి వేయకండి అంటారు. ఆ మాట వింటే పిన్నికి ఒళ్లు మండుతుంది. "చేయి వేయకూడనిదానికి పండెందుకు దండగ? చెక్కతో చేయించుకోమనండి" అంటుంది. ఆమె హంసలో పుల్ల అన్నది ఉండదు. మెడను గట్టి బొప్పాయితో మలిచి, క్యారెట్టును మేకులా చెక్కి, దానితో ఒంటికి బిగిస్తుంది. పుచ్చకాయ పైపచ్చను పూర్తిగా ఒలిచి, తెల్లని పొర అంచున చారగా మిగిలేట్టు కత్తిని ఏటవాలుగా ఎర్రని గుజ్జులోకి దింపి, వెనుక నుండి సన్నని చీలికను తీసివేస్తే ఒక్కొక్క ఈక పైకి లేచి నిలుస్తుంది. రెక్కకు అరవై ఈకలు. ప్రతి ఈకా మొదలు దగ్గర దారమంత మేర మాత్రమే అంటి ఉంటుంది. రెండు వేళ్లతో పట్టి లాగితే ఊడి నోటికి వస్తుంది. కళ్లు ఆ కాయ గింజలే. చెక్కడానికి నాలుగు గంటలు, ఈకలు బిగియడానికి మంచునీటిలో ఒక గంట. ఆ పైన అది హంసగా ఉండేది మూడు గంటలే. తరువాత నీరు కారి రెక్కలు వాలిపోతాయి.

విందు మొదలు కాగానే పిన్ని తానే వచ్చి మొదటి ఈకను లాగి, వచ్చినవారిలో అందరికన్న చిన్నవారి నోటికి అందిస్తుంది. ఎవరూ పెట్టిన ఆచారం కాదది. ఒకసారి చేసింది, నిలిచిపోయింది. ముప్పై యేళ్లుగా ఆ చుట్టుపక్కల వీధుల పిల్లలందరూ ఆ ఈకలు తిని పెరిగినవారే. వారిలో కొందరు ఇప్పుడు తమ పిల్లలను చంకనెత్తుకొని వస్తున్నారు. పిన్ని చేతి పండును పట్టుకొని 'ఇది తినవచ్చునా' అని అడిగినవారు ఆ హాలులో అంతవరకూ లేరు. ఆమెకంటూ ఉన్న ఆస్తి అదొక్కటే.

ఆ శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఒక ఏడేళ్ల పాప పుట్టినరోజు విందు. ముందునాటి సాయంత్రం మరిది ఫోను చేసి, "వదినా, రేపు నీకు పెద్ద పని లేదు. తీరిగ్గా పదింటికి రా. నాలుగు ఆపిల్ పిట్టలు చెక్కితే చాలు" అన్నాడు. మరిది గొంతులో అంత తీపి వినబడితే పిన్ని నమ్మదు. ఎనిమిదింటికే వచ్చి కూర్చుంది.

కూర్చున్నది ఎంతోసేపు కాదు. హాలులో తెల్లగుడ్డ పరచిన బల్ల మధ్య హంస ఉంది. తాను చెక్కని హంస తన బల్ల మీదికి ఎక్కడి నుండి వచ్చిందని దగ్గరకు నడిచింది. కుడిరెక్క మూడో వరుసలో, కత్తి జారి సగమే మిగిలిన ఈక ఒకటి కనబడింది. సందేహం లేదు, తన చేతిదే. గురువారం విందుకు రెండు హంసలను చెక్కింది. వాన వల్ల అతిథులు సగమే వచ్చి రెండోది మిగిలిపోగా, కోసి పనివాళ్లకు పెట్టమని చెప్పి ఇంటికి వెళ్లింది. ఈపాటికి అది నీరుగారి చతికిలబడి ఉండాలి. ఇదేమో అప్పుడే సబ్బుతో స్నానం చేసివచ్చినట్టు నిగనిగలాడుతోంది. వేలితో రుద్దింది, వేలు జారింది. వంగి వాసన చూసింది. కొత్త బీరువా తలుపు తెరిచినట్టు గుప్పుమంది.

బల్లగుడ్డ ఎత్తి చూస్తే కింద డబ్బా దొరికింది. కుర్చీల చేతులకు మెరుపు కోసం కొట్టే పాలిష్ స్ప్రే.

"ఏమే! ఎక్కడున్నావే!" అన్న కేకకు వంటింట్లో గరిటెలు ఆగిపోయాయి.

వచ్చింది తోడికోడలు. బల్లల అలంకరణ అంతా ఆమె చేతి మీదుగా జరుగుతుంది. ఇస్త్రీ నలగని బట్టలు, ఇస్త్రీ నలగని గొంతు.

"అప్పుడే వచ్చావేంటక్కా? పదింటికి రమ్మన్నాంగా."

"పదింటికొస్తే ఇది నా కళ్ళబడదనేగా మీ ఏర్పాటు? ఏం కొట్టావే దీనికి?"

"అరవకు. ఫ్రిజ్‌లో దాచి, మెరుపు కోసం కాస్త..."

"కాస్తా? దీని మీద ఈగ వాలినా కాలు జారి పడుద్ది!"

"దాన్నెవరు తింటారక్కా? ముక్కలు విడిగా పళ్ళేల్లో పెడుతున్నాంగా. ఇది ఊరికే చూడ్డానికి. ఇదిగో, బోర్డు కూడా రాయించాను."

అట్టముక్క మీద ముత్యాల వంటి అక్షరాలతో 'దయచేసి ముట్టుకోకండి' అని ఉంది. చుట్టూ పువ్వుల అంచు కూడా వేయించింది. పిన్ని దానిని చదివిన తీరు చూస్తే ఆ అక్షరాలు అంటుకొంటాయేమోననిపించింది.

"ముప్పై ఏళ్ళనుంచీ లాక్కుని తినమని నేర్పింది నేను. ఇవాళ నీ అట్టముక్క చూసి చేతులు కట్టుకుని నిలబడతారా? ఏడేళ్ళ పిల్లలే అందరూ! ముందు చదువుతారా, ముందు తింటారా?"

ఈ గోలకు మరిది కూడా చొక్కా గుండీలు పెట్టుకొంటూ వచ్చాడు. "వదినా, వదినా, చిన్న విషయం..."

"నీకన్నీ చిన్న విషయాలేనయ్యా. మీ అన్న జ్వరం కూడా చిన్న విషయమనే అన్నావు."

మరిది గుండీ మీది వేళ్లు అక్కడే ఆగాయి. ఆ గుండీని అలాగే వదిలేసి, "పాప తాతగారికి మాటిచ్చేశాను. వాళ్ళ కార్డు మీద కూడా హంస బొమ్మే. కొత్తది చెక్కడానికి పెద్దకాయ లేదు, టైమూ లేదు. బోర్డుంటుంది, పక్కన నేనుంటాను. ఒక్క చెయ్యి పడనివ్వను. సరేనా?" అన్నాడు.

"కర్బూజాలున్నాయి. వాటితో ఏదో ఒకటి చేస్తాను. దీన్ని తీసెయ్."

"వాళ్ళు హంస కావాలన్నారు వదినా."

"హంస కావాలన్నారు, పాలిష్ కావాలన్లా!"

అప్పుడు తోడికోడలు నెమ్మదిగా, "నీకోసమే చేశానక్కా" అంది. "గురువారం నీ మణికట్లు చూశాను. రెండూ వాచిపోయున్నాయి. మంచినీళ్ళ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తాగావు. ఒక్కరోజైనా నీకు పని తప్పుతుందని... జాలేసి చేశాను."

కోపానికి కోపం ఎదురైతే పిన్నికి ఎలా నిలబడాలో తెలుసు. అబద్ధం ఎదురైతే మరీ బాగా తెలుసు. ఇది మాత్రం అబద్ధం కాదు. ఆ చేతులు నెల రోజులుగా ఆమె మాట వినడం లేదు. కత్తి జారిన ఆ సగం ఈకే సాక్ష్యం. ఎవరి కంటా పడలేదని ఆమె అనుకొన్నది నలుగురి నోళ్లలో నలిగిందని, తన వెనుక తన గురించి జాలిపడ్డారని, ఆ జాలిలో నుండే ఈ డబ్బా పుట్టిందని తెలిసి ఆమె ముఖం జేవురించింది. తిట్టినా పడేది. జాలిని మాత్రం ఎలా మింగాలో తెలియలేదు.

"నా చేతులు నువ్వు చూడక్కర్లా!" అని చేతులను వెనక్కు పెట్టుకొని విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె చేసిన పొరపాటు అదే. ఆ హంసను అక్కడికక్కడే ఎత్తి చెత్తకుండీలో కుదేసి ఉంటే కథ లేదు. ఎత్తడానికి చేతులు చాచాలి. చాస్తే వాపు కనబడుతుంది. ఆ ఒక్క పంతానికి దానిని బల్ల మీదనే వదిలిపెట్టింది.

వంటింట్లో ఆమె ఆపిళ్ల మీద పడింది. వంటమాస్టరు కాసేపు చూసి, "పిన్నీ, పిట్ట చెక్కమంటే రాబందు చెక్కావేంటి?" అన్నాడు.

"నోర్మూసుకుని నీ గిన్నె చూసుకో."

"చూసుకుంటాలే. ఆ చూపు నా గిన్నె మీద పడకుండా ఉంటే చాలు, విరిగిపోద్ది."

మరిది పక్కనే నిలబడతానన్నాడు కదా అని ఆమె పదేపదే తనకు తాను చెప్పుకొంది. చెప్పుకొన్న కొద్దీ ఆపిళ్ల ముక్కులు మరింత వాడిగా వచ్చాయి.

పన్నెండు దాటింది. హాలు పిల్లల అరుపులతో నిండింది. వాటన్నింటినీ మించి ఒక గొంతు వినబడింది. పుట్టినరోజు పాప తాతది. ముప్పై యేళ్లు బస్సు నడిపి మానుకొన్న మనిషి. హారను మాత్రం గొంతులోనే ఉండిపోయింది. "కత్తి పిన్ని ఏదీ? మొదటి ఈక పడందే కేకు కోసేది లేదు! ఈ బోర్డేంటి, ముట్టుకోవద్దా? ఇది కొత్తవాళ్ళకిలే, తీసి పక్కన పెట్టండి!"

వంటింటి గుమ్మంలో మరిది ప్రత్యక్షమయ్యాడు. చెమటలు కారుతున్నాయి. "వదినా, ఒక్కసారి వచ్చి నువ్వే చెప్పు. ఇవాళ్టికి కుదరదను, ఏదో ఒకటి చెప్పు. నీ మాటైతే వింటాడాయన."

"నా నోటితో చెప్పాలా? ముట్టుకోవద్దని? నేను?"

"పరువు పోద్ది వదినా."

"ఎవరిదయ్యా?" అంటూ ఆమె అతనిని భుజంతో నెట్టుకొని హాలులోకి వెళ్లింది.

తాత చంకలో ఏడాదిన్నర పిల్ల ఉంది, పుట్టినరోజు పాప చెల్లెలు. ఆ పూట అందరికన్న చిన్నది. ఎవరు నేర్పారో గాని, పిన్ని బల్ల దగ్గరకు రావడంతోనే గూటిలో పిట్టపిల్లలా నోరు తెరిచింది. చుట్టూ చేరిన పిల్లల చేతులు అప్పటికే బల్లగుడ్డ అంచు మీద ఉన్నాయి. పెద్దవాళ్లు ఫోనులు పైకెత్తారు. పక్కన కాపలా నిలబడతానన్న మరిది వెనుక వరుసలో ఉన్నాడు.

పిన్ని ఎడమరెక్క నుండి ఒక ఈకను లాగింది. తెరిచి ఉన్న ఆ చిన్న నోటిని చూసింది. మరుక్షణం గిరుక్కున తిరిగి, బల్ల చివర నిలబడిన తోడికోడలి ముందుకు వెళ్లింది.

"ఇవాళ మొదటి ఈక మా చెల్లాయికి!" అని హాలంతటికీ వినబడేట్టు అంది. "నేను చెక్కానంతే. ఈ హంస ఇవాళ్టిదాకా నిలబడిందంటే ఈవిడ చేతి చలవ. తినవే."

అతిథులు చప్పట్లు కొట్టారు. ఈక తోడికోడలి పెదవులకు జానెడు దూరంలో ఉంది. పిన్నికి కావలసింది ఒక్కటే: అందరి ముందూ ఆమె ముఖం తిప్పుకోవాలి, ఎందుకు తిప్పుకొందో తన నోటితోనే చెప్పాలి. తోడికోడలి ముఖం పాలిపోయింది. కళ్లెత్తి పిన్ని కళ్లలోకి సూటిగా చూసింది. నోరు తెరిచింది. ఈకను పుచ్చుకొని కొరికింది.

"ఉమ్మెయ్!"

చప్పట్లు సగంలో ఆగిపోయాయి. పిన్ని ఒక చేత్తో ఆమె దవడ పట్టుకొని, రెండో చేతి వేళ్లను నోట్లోకి పోనిచ్చి ముక్కను బయటికి లాగుతోంది. "ఉమ్మెయ్యవే మొండిదానా! నీళ్ళు! ఎవరైనా నీళ్ళు తెండి! ఎవరూ దాన్ని ముట్టుకోకండి, కుర్చీలకు కొట్టే పాలిష్ కొట్టుంది దానికి! చేతులు తీయండి పిల్లలూ, తీయండి!"

తల్లులు పిల్లలను వెనక్కు లాక్కొన్నారు. తాత తన చంకలోని పిల్ల నోటి మీద అరచేయి కప్పాడు. హారను గొంతు ఒక్కసారిగా తగ్గిపోయి, "ఏంటయ్యా ఇది?" అని మరిదిని అడిగాడు. మరిది హంసను రెండు చేతులా కావలించుకొని బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర దాని మెడ ఊడి కింద పడింది. వెనుదిరిగి చూడలేదు.

వెనుక పంపు దగ్గర తోడికోడలు పుక్కిలిస్తోంది. పిన్ని పక్కన నిలబడి చెంబుతో అందిస్తోంది.

"ఇంకోసారి. మింగావా ఏమైనా?"

"లేదు."

"నిజం చెప్పు."

"లేదన్నాగా."

"ఎందుకు కొరికావే? ఏముందో తెలుసుగా!"

"నువ్వు పెట్టావుగా."

"పెడితే తినేస్తావా?"

"ఆపుతావని తెలుసు."

"ఆపకపోతే?"

తోడికోడలు మూతి తుడుచుకొంది. "ఆపకపోతే నువ్వెలాంటిదానివో ఇన్నాళ్ళకి తెలిసేది" అంది.

అందరినీ తిట్టగల పిన్ని నాలుకకు అప్పుడు తిట్టడానికి దొరికింది తాను ఒక్కతే. అది అలవాటులేని పని. "ఇంకో నాలుగుసార్లు పుక్కిలించు" అని మాత్రం గదమాయించి, చెంబు అక్కడ పెట్టి, కర్బూజాల బుట్టను వంటమాస్టరు చేత మోయించుకొని హాలులోకి వచ్చింది.

తెల్లగుడ్డ తీయించి, బల్లను సబ్బునీళ్లతో కడిగించి, అందరి కళ్ల ముందు నిలబడి చెక్కడం మొదలుపెట్టింది. హంసలు కావు, చిన్న చిన్న బుట్టలు. ఒక్కొక్కదానిలో నాలుగేసి ముక్కలు. మణికట్లు బట్టబయలుగా కనబడుతున్నాయి. కనబడనిమ్మంది. ఎవరైనా వాటి వంక చూస్తే కళ్లెర్రజేసింది.

మొదటి బుట్టను తాతకు అందించింది. ముప్పై యేళ్లుగా ఆ చేతి నుండి ఎన్నో అందుకొన్న మనిషి. దానిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. చంకలోని పిల్ల చేయి చాస్తుంటే వెనక్కు లాగి, ఎవరికీ వినబడకుండా, "పిన్నీ... ఇది తినొచ్చా?" అని అడిగాడు.

అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. పిల్లను ఎత్తుకొన్నవాడు అడగవలసిన మాటనే అడిగాడు. చెంప మీద కొట్టి ఉంటే బాగుండేదని పిన్నికి అనిపించింది. ఆ బుట్టలోని ముక్క ఒకటి తీసి సగం కొరికి నమిలి మింగి, మిగిలిన సగాన్ని అతని ముందుంచింది. అప్పుడు తీసుకొన్నాడు. తరువాత వచ్చిన తల్లి కూడా ఆమె కొరికేదాకా ఆగింది. ఆ తరువాతి తల్లీ అంతే. ఆ మధ్యాహ్నం పిన్ని ముప్పై బుట్టలు చెక్కి, ముప్పై ముక్కలు కొరికింది. ఒక్కటీ తియ్యగా తగలలేదు.

మూడింటికి హాలు ఖాళీ అయ్యాక మరిది వచ్చి, ఎదుట కాక కొంచెం పక్కగా నిలబడ్డాడు. పాలిష్ అంటిన చొక్కా ఇంకా మార్చుకోలేదు.

"జరిగిందేదో జరిగింది వదినా. రేపు రెండు విందులున్నాయి. వస్తావా?"

"వస్తాను. ఎక్కడికి పోతాను? కాకపోతే ఒకటి. నేను చెక్కింది ఏదైనా సరే, విందు అవగానే నా చేత్తో ముక్కలు కోసి పంచిగానీ ఇంటికి పోను. ఒక్క ఈక కూడా రేపటికి ఉండకూడదు. ఫ్రిజ్ తాళం నా దగ్గరుంటుంది."

"బాగా కుదిరినవి కూడానా?"

"బాగా కుదిరినవే ముందు."

"మరి నీ చేతులు..."

"చేతుల మాటెత్తావంటే ఈ కత్తి ఇక్కడే పారేసి పోతాను. పెద్దకాయలు రెండు తెప్పించు. గట్టివి. పొద్దున్నే ఆరింటికి."

అప్పటి నుండి ఆ హాలులో అదే పద్ధతి. చివరి అతిథి మెట్లు దిగడంతోనే పిన్ని కూరలు తరిగే పెద్దకత్తి తెప్పించుకొంటుంది. ముందు హంస మెడ. తరువాత రెక్కలు. నాలుగు గంటలు చెక్కినదాన్ని నాలుగు నిమిషాల్లో ముక్కలు చేస్తుంటే, కొత్తగా పనిలో చేరినవారు, "అయ్యో, ఎంత బాగుంది పిన్నీ, ఒక్క ఫోటో అయినా తీసుకోనీ" అని బతిమాలతారు. కత్తి ఆగదు. కొందరు ఆమెకు మతి చలించిందనుకొంటారు. వంటమాస్టరు మాత్రం ఆ వేళకు పళ్లెంతో వరుసలో ముందు నిలబడతాడు.

ముక్కలను పళ్లేల్లోకి అందుకొని పనివాళ్లకు పంచేది తోడికోడలే. చేయమని ఎవరూ చెప్పలేదు. ఆ మరునాడు తనంతట తానే వచ్చి నిలబడింది. ఇది ఏడో నెల. ఇద్దరి మధ్యా "పట్టు", "చాలు" అన్న రెండు మాటలు తప్ప మూడో మాట లేదు. నిన్న మాత్రం పళ్లెం అందుకొంటూ తోడికోడలి చూపు ఒక్క క్షణం పిన్ని మణికట్టు మీద ఆగింది.

"ఏంటి చూస్తున్నావ్?"

"ఏం లేదు."

"చూడకు" అని పిన్ని ఇంకా గట్టిగా కోసింది.